లోపం అక్క చేతుల్లో లేదు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మీటరు మూడు పాయింట్ ఎనిమిది వోల్టులు చూపించింది. అక్కడ ఉండాల్సింది సున్నా. బండి పాతదైతే పాయింట్ రెండు దాకా పోనిమ్మనవచ్చు. మూడు పాయింట్ ఎనిమిది పోనిమ్మనే అంకె కాదు.

తీగ మామ మీటరు ఆపి, రెండు ముళ్లూ చొక్కా అంచుకు తుడిచి, మళ్లీ పెట్టాడు. అంకె మారలేదు.

ముప్పై ఐదేళ్లుగా కార్లలో కరెంటు పని చేస్తున్న మనిషి ఆయన. ఒళ్లు చూస్తే సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రోజంతా పట్టుకునేవీ తీగలే. అందుకే షెడ్ల వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన తీగ మామ. నలుగురు చూసి చేతులెత్తేసిన బండి చివరికి ఆయన దగ్గరికే చేరుతుంది. "నాకు జ్వరమొచ్చినా ముందు మీటరు పెట్టి చూస్తాడు, తర్వాతే మాత్ర" అని ఆయన భార్య చుట్టాల ముందు ఎగతాళి చేస్తుంది. ఆయనకు ఆ ఎగతాళి ఇష్టమే.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది బూడిదరంగు చిన్న కారు. ఆయన అక్కది. రెండేళ్ల పైచిలుకుగా ఇంటి పక్కన రేకుల కింద కదలకుండా పడి ఉంది. దాన్ని అమ్మేద్దామని బావ నిశ్చయించాడు. కొనేవాళ్లు సాయంత్రం చూడటానికి వస్తున్నారు. బావకు డ్రైవింగ్ రాదు కాబట్టి తీగ మామే పొద్దున వెళ్లి, కొత్త బ్యాటరీ పెట్టి, తోలుకొచ్చాడు.

"అన్నీ వెలుగుతున్నాయో లేదో చూడవోయ్, బావమరిదీ," అని బావ గేటు దగ్గర చెప్పాడు. "వెలగనిదేదైనా ఉంటే సాయంత్రం నువ్వే దాని పక్కన నిలబడి వెలుగు."

అన్నీ వెలుగుతున్నాయో లేదో చూడాలి కాబట్టి తీగ మామ అన్నీ ఒకేసారి వేశాడు. పెద్ద దీపాలు, వైపర్లు, ఫ్యాను ఆఖరి నెంబరు మీద, వెనక అద్దాన్ని వెచ్చబెట్టే స్విచ్. అవన్నీ నడుస్తుండగానే బండిని గోడ పక్కకు జరుపుదామని స్టీరింగ్ తిప్పాడు. అది సగం దాకా హాయిగా తిరిగి, అక్కడ బిగుసుకుపోయింది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. రెండు చేతులూ వేసి, భుజం బలమంతా పెట్టి లాగితేగానీ చక్రం కదల్లేదు. అన్నీ ఆర్పి, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. పసుపు దీపం ఆరిపోయింది. స్టీరింగ్ ఒక వేలితో తిరిగింది.

ఆయన సీట్లో అలాగే కూర్చుండిపోయాడు.

"వానలోనేరా," అని అక్క చెప్పింది, రెండేళ్ల కింద. "వాన పడే సాయంత్రాలే బిగుస్తుంది. పొద్దున మామూలుగానే ఉంటుంది."

వాన పడే సాయంత్రం మనిషి ఏం చేస్తాడు? దీపాలు వేస్తాడు, వైపర్లు వేస్తాడు, అద్దం మీద ఆవిరి పోవడానికి ఫ్యాను వేస్తాడు. ఇది కనుక్కోవడానికి ముప్పై ఐదేళ్ల అనుభవం అక్కర్లేదు. ఒకసారి వింటే చాలు.

అక్క ఆయనకంటే ఆరేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఊరుకోలేక ఆ కారు కొనుక్కుంది. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడిగి, కట్లు మార్చి, గొట్టాలు సరిచేసి వచ్చేది. ఒళ్లు పుండైన మనిషికి మంచి నర్సు చెయ్యి తగిలితే ఎలా ఉంటుందో ఆ ఇళ్లవాళ్లను అడగాలి. కట్టు విప్పేటప్పుడు ఆవిడ వాళ్లతో వాళ్ల చిన్నప్పటి గొడవలు మాట్లాడించేది. మాటల్లో పడి వాళ్లు అరవడం మరిచిపోయేవారు. ఆవిడ వచ్చే గంటకు ముసలివాళ్లు తల దువ్వించుకుని కూర్చునేవారట.

స్టీరింగ్ సంగతి చెప్పడానికి ఆవిడ తమ్ముడి షెడ్డుకు మూడుసార్లు వచ్చింది.

ఇలాంటి కార్లలో స్టీరింగ్ తిప్పడానికి ఒక కరెంటు మోటారు సాయపడుతుంది. మలుపులో అది ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. సరిపడా అందకపోతే సాయం మానేసి, పసుపు దీపం వెలిగించి, చక్రాన్ని మనిషి బలానికి వదిలేస్తుంది. ఏం జరిగిందో కంప్యూటరులో ఒక నెంబరు రాసిపెడుతుంది.

మొదటిసారి తీగ మామ ఆ నెంబరు చదివాడు. వోల్టేజి తక్కువ అని ఉంది. బ్యాటరీకి నాలుగేళ్లు. కొత్తది వేసి, నెంబరు చెరిపేసి పంపాడు. ఎవరైనా అదే చేస్తారు.

రెండోసారి మోటారు విప్పి చూశాడు. వైర్లన్నీ ఒక్కొక్కటే పట్టుకుని రెండు కొసలకూ మీటరు ముళ్లు పెట్టాడు. ప్రతిదానికీ మీటరు కుయ్‌మంది. కుయ్‌మంటే దారి ఉన్నట్టు లెక్క. అయితే వెంట్రుకంత దారి ఉన్నా మీటరు కుయ్‌మంటుంది. వంతెన ఉందా అని అడిగితే ఉందనే చెబుతుంది. లారీ ఎక్కితే నిలుస్తుందా అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే అన్ని దీపాలూ వేసి, కరెంటు బరువు పెట్టి, అప్పుడు వోల్టులు చూడాలి. ఆ వీధిలో ఈ పాఠం అందరికీ చెప్పింది తీగ మామే. "కూత నమ్మకండ్రా, బరువు పెట్టి చూడండి" అని ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు.

ఆ రోజు ఎండ కాస్తోంది. భోజనాల వేళయింది. బండి అక్కదే కదా, పరాయివాళ్లదైతే మాట పోతుందన్న భయం ఉంటుంది. ఆయన బరువు పెట్టలేదు.

మూడోసారి అక్క వచ్చేసరికి షెడ్డులో నలుగురున్నారు. కంప్యూటరులో మళ్లీ అదే నెంబరు.

"దీపాలు ఆర్పకుండా వదిలేస్తున్నావా ఏంటక్కా?"

"ముప్పై ఏళ్లు వార్డులో దీపాలు ఆర్పినదాన్నిరా నేను. నాకు చెబుతావా?"

"అయితే బండికి ఏమీ లేదు."

"మరి చక్రం ఎందుకు తిరగట్లేదు?"

"అరవై దాటాయి కదక్కా. చేతుల్లో ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. ఒక రబ్బరు బంతి కొనుక్కుని పిసుకుతూ ఉండు."

నలుగురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ సాయంత్రమే వెళ్లి ఎర్ర రబ్బరు బంతి కొంది.

తమ్ముడి మాట ఆవిడకు వేదం. వీధంతా ఏమీ లేదన్న బండిలో లోపం పట్టుకునే మనిషి లేదన్నాడంటే లేనట్టే. ఇక మిగిలింది తన చేతులు. ఆవిడ నరాల డాక్టరు దగ్గరికి వెళ్లింది. మోచేతి నుంచి వేళ్ల దాకా సూదులు గుచ్చి పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. ఇంకో డాక్టరు మళ్లీ గుచ్చాడు. ఆయనా ఏమీ లేదన్నాడు. మనిషికి భయం పట్టుకున్నాక ఏమీ లేదన్న మాట ధైర్యం ఇవ్వదు. దొరకని జబ్బేదో ఉందనిపిస్తుంది.

ఒక వాన సాయంత్రం బడి పక్క మలుపులో చక్రం బిగిసింది. కారు కాలిబాట ఎక్కింది. గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒకావిడకు మూరెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గొడుగావిడే కిటికీ దగ్గరికి వచ్చి "మీకేం కాలేదు కదా అమ్మా?" అని అడిగింది. మర్నాడు అక్క తాళంచెవి బావ చేతిలో పెట్టి, కట్ల సామాను ఉన్న స్టీలు పెట్టె బీరువా మీదకు ఎక్కించమంది. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లలేదు.

ఇదంతా తెలిసిన మనిషి ఇప్పుడు కారు మూత ఎత్తి నిలబడ్డాడు. దీపాలన్నీ వేసి, వీధిలో పోయే కుర్రాడి చేత చక్రం తిప్పించి, బ్యాటరీ నెగెటివ్ కొసకూ కారు ఒంటికీ మధ్య మీటరు పెడితేనే ఆ మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. ఇంజన్‌ను లేపే స్టార్టరు తప్ప, బండిలో ప్రతి దీపమూ, ప్రతి మోటారూ వాడుకున్న కరెంటు కారు ఇనప ఒంటి మీదుగా వచ్చి, ఒకే ఒక్క నల్లటి లావు వైరు గుండా బ్యాటరీకి తిరిగి చేరుతుంది. ఆ వైరు కొసను కారు ఒంటికి ఒక బోల్టుతో బిగిస్తారు. లోపం ఆ బోల్టు దగ్గరే ఉంది.

విప్పాడు. వైరు కొసకు ఉన్న రింగు కింద తుప్పు కనిపించింది. తుప్పు కింద బూడిదరంగు పెయింటు. నున్నగా, చారలు లేకుండా, రెండు పూతలు.

ఆ పూతలు ఎవరివో ఆయనకు గుర్తొచ్చింది. స్టీరింగ్ గొడవ మొదలవడానికి కొన్ని నెలల ముందు బ్యాటరీలో ఆసిడ్ కాస్త పొంగి, దాని కింద ఇనుము పొక్కులు పొక్కింది. ఊరివాళ్ల బండి అయితే గీకి, బ్యాటరీ పెట్టి పంపేవాడు. అక్క బండి కదా అని గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, పక్క షెడ్డు పెయింటరు దగ్గర రంగు అడిగి తెచ్చి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని తన చేత్తోనే పూశాడు. పెయింటు కరెంటును పోనివ్వదు. బోల్టు చోట పెయింటు ఉండకూడదని ఈ పనిలో మొదటి నెలలోనే నేర్చుకుంటారు. ఆయన అక్కడా పూశాడు. రింగు పెయింటు మీద కూర్చుంది. అన్నాళ్లూ కరెంటు బోల్టు మర చుట్ల సందుల్లోంచి కాస్తా కూస్తా పాకింది. ఆ సందులకు తుప్పు పట్టే కొద్దీ దారి ఇరుకైపోయింది. బండి మూడుసార్లు వచ్చినా ఆయన కన్ను ఆ బోల్టు మీద పడలేదు. తన చేత్తో బిగించిన బోల్టును ఎవడు అనుమానిస్తాడు?

పక్క షెడ్డు పెయింటరు టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏంటి మామా, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డావ్?"

తీగ మామ రింగు చూపించాడు. పెయింటరు వంగి, గోటితో గీకి చూశాడు.

"రంగు నాదే."

"నీదే."

"కుంచె నీది. అక్కడ టేపు వెయ్యి మామా అన్నాను గుర్తుందా? అక్క బండికి మచ్చ ఉండకూడదన్నావు."

"అన్నానా?"

"అన్నావు. నా ముందే అన్నావు." పెయింటరు టీ ఒక గుక్క తాగాడు. "అంటే, అక్క చేతుల సంగతి…"

"చేతులకేం లేదు."

పెయింటరు గ్లాసు ఖాళీ చేసి గోడ మీద పెట్టాడు.

"నా మాట విను మామా. గీకెయ్, బిగించెయ్, తాళం ఇచ్చెయ్. సాయంత్రానికి బండే ఉండదు. ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటావ్? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద ఉందిరా. రెండేళ్లుగా ఉంది. అది తన జబ్బే అనుకుంటోంది."

గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, రింగు మార్చి, బిగించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. మళ్లీ అన్నీ వేసి చూశాడు. మీటరు పాయింట్ సున్నా ఆరు చూపించింది. చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక వేలితో తిరిగింది. పన్నెండు నిమిషాల పని అన్న సంగతే ఆయనకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. రెండు రోజుల పనై ఉంటే ఏదో ఒక సాకు దొరికేది.

పెయింటరు చెప్పినట్టు చేయడం తేలికే. అడిగేవాళ్లు లేరు. కాకపోతే, ఈ రెండేళ్లలో అక్క నీళ్ల జగ్గు ఒంటి చేత్తో ఎత్తడం మానేసింది. వేడి గిన్నె దించాలంటే బావను పిలుస్తోంది. పక్కింటివాళ్ల మనవడిని ఎత్తుకోమంటే "వద్దమ్మా, నా చేతులు మంచివి కావు" అంది. ఆ మాట అన్నప్పుడు తీగ మామ అక్కడే ఉన్నాడు.

కారు తోలుకుని వెళ్లాడు.

బావ వరండాలో భూతద్దం పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. "ఏవోయ్, అన్నీ వెలిగాయా?"

"వెలిగాయి బావా."

"మరి నీ మొహం ఆరిపోయిందేంటి?"

అక్క లోపల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కిటికీ వెలుగు సగం బల్ల మీదే పడుతోంది. ఎడమ చేతిలో ఎర్ర బంతి. కుడి చెయ్యి వంతు అయిపోయిందన్నమాట. రోజుకు రెండు వందలసార్లు, చేతికి వంద.

"తిన్నావురా?"

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"తిన్నావా లేదా అది చెప్పు ముందు."

నీళ్లు నమిలితే మళ్లీ చెప్పలేనని ఆయనకు తెలుసు. నిలబడే చెప్పేశాడు. వాన, దీపాలు, నల్ల వైరు, బోల్టు, పెయింటు. పెయింటు తనే పూశానని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. రోగి చెప్పేది వినేటప్పుడు కూర్చున్నట్టే, తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది.

"అయితే నా చేతులకేం లేదా?"

"లేదక్కా."

"మొదటి నుంచీ?"

"మొదటి నుంచీ."

ఆవిడ బంతిని బల్ల మీద పెట్టింది. అది దొర్లిపోతుంటే ఆపలేదు.

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "రెండేళ్లుగా ఈ ఇంట్లో నీళ్ల క్యాన్లు మోసింది నేను. నా నడుం సంగతి ఏ మీటరుకు చెప్పుకోవాలోయ్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తనూ నవ్వలేకపోయాడు. వెళ్లి కుర్చీలో కూర్చుని పేపరు తిరగేసి పట్టుకున్నాడు.

"పొరపాటు అందరికీ జరుగుతుందిరా," అంది అక్క. "నేనూ చేశాను. ఒకసారి ఒకాయనకు కట్టు మరీ బిగించి కట్టి, మర్నాటిదాకా చూసుకోలేదు. పెయింటు సంగతికి నేను ఏమీ అనను."

"అను అక్కా. తిట్టు."

"నువ్వు ఏమీ లేదన్నావు చూడు, అదీ. నాకు దొరకలేదక్కా అని ఉంటే ఇంకో షెడ్డుకు వెళ్లేదాన్ని. ఇంకోడు చూసేవాడు. దొరకలేదంటే నీ పరువేం పోయేది?" గొంతు ఎక్కడా పెరగలేదు. "లేదన్నావు. అని నవ్వావు. నలుగురిలో."

"నువ్వూ నవ్వావు కదక్కా."

"మరేం చెయ్యమంటావురా?"

నవ్వు నలుగురిదీ కలిసి ఉన్నప్పుడు అందులో ఒకరిది వేరని ఆయనకు ఆ రోజు తెలియలేదు.

"తాళం ఇలా ఇవ్వు," అంది అక్క లేచి.

ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, వీధిలోకి తీసింది. తిన్నటి దారిలో బాగానే నడిపింది. గేరు మార్పులో తడబాటు లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వీధి చివర మలుపు వచ్చింది. ఆవిడ చక్రం తిప్పడం మొదలుపెట్టి, పావు వంతులో ఆగిపోయింది. చక్రం బిగుసుకోలేదు. ఆవిడ వేళ్లే బిగుసుకున్నాయి. కారు మలుపు మధ్యలో నిలబడింది. వెనక నుంచి ఒకడు హారను కొట్టాడు.

"తిరుగుతుందక్కా. ఒక వేలు చాలు."

"తెలుసురా."

"మరి తిప్పు."

"తిప్పుతా ఉండు." ఆవిడ చూపు చక్రం మీద లేదు. కాలిబాట మీద నడుస్తున్న వాళ్ల మీద ఉంది. పై పెదవి మీద చెమట పట్టింది. వెనకవాడు ఇంకోసారి హారను కొట్టి, పక్క నుంచి తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, కిందికి దిగి ఇటువైపు తలుపు తీసింది.

"నువ్వు తోలు."

"రోజూ నేను పక్కన కూర్చుంటాను. పది రోజుల్లో అలవాటవుతుంది."

"జరుగు ముందు. వెనక బండ్లు ఆగిపోయాయి."

ఆయన బండిని ఇంటి వైపు తిప్పాడు. గేటు దగ్గర ఆవిడ దిగుతూ, సాయంత్రం వచ్చేవాళ్లకు ఆ బోల్టు సంగతి దాచకుండా చెప్పమంది. ఆయన అలాగే చెప్పాడు. వచ్చింది మొగుడూ పెళ్లాం. అంతా విన్నారు, దీపాలన్నీ వేయించుకుని చక్రం తిప్పి చూసుకున్నారు, కారు తీసుకెళ్లిపోయారు.

మర్నాడు అక్క బావ చేత స్టీలు పెట్టె కిందికి దింపించింది. వారం రోజుల్లో పాత ఇళ్లు ఏడింటికి ఫోను చేసింది. మూడు ఇళ్లలో మనుషులు పోయారు. రెండు ఇళ్లవాళ్లు వేరే నర్సుకు అలవాటుపడ్డారు. మిగిలిన రెండు ఇళ్లవాళ్లు వెంటనే రమ్మన్నారు. వాటిలో ఒకటి బస్సు దారిలో ఉంది. రెండోదానికి తను దింపి తీసుకొస్తానని తీగ మామ అన్నాడు. అక్క వద్దంది. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం బస్సెక్కి ఆ ఒక్క ఇంటికే వెళ్లి వస్తోంది.